కుండలో మృత్యువు

పాఠ్యభాగము: 2 రాజులు 4:38–41

కోల్‌కతా మహానగరమునకు ఈశాన్య దిక్కున, రాజార్‌హాట్ ప్రాంతపు పొలములు, చెరువులు ఉన్న తావున వెలసిన క్రొత్త పట్టణము న్యూ టౌన్. అక్కడ 2011వ సంవత్సరమున టాటా మెడికల్ సెంటర్ అను క్యాన్సరు ఆస్పత్రి తెరువబడెను. అటువంటి ఆస్పత్రులలో, మార్ఫిన్‌తో కూడ లొంగని నొప్పితో తల్లడిల్లు రోగి చర్మముపై వైద్యులు చిన్న పట్టీ నొకదానిని అంటింతురు. ఆ పట్టీలోని మందు గంటకు ఇన్ని మైక్రోగ్రాములను లెక్కచొప్పున మెల్లగా శరీరములోనికి ప్రవేశించును. రాత్రులు నిద్రలేని తల్లి ఆనాడు కన్ను మూసి నిద్రించును. ఆ మందు పేరు ఫెంటానిల్.

అదే న్యూ టౌన్‌లో సాఫ్ట్‌వేర్ కార్యాలయములును, విశ్వవిద్యాలయములును ఉన్నవి. దేశపు నలుమూలల నుండి, తెలుగు నాటినుండియు, ఇరువది ఏండ్ల ప్రాయపు యువతీయువకులు అక్కడికి చేరి, ఇద్దరు ముగ్గురుగా కలిసి అద్దె గదులలో కాపురముండుచున్నారు. పగలు పని, రాత్రి ఒంటరితనము. శనివారము సాయంత్రమున స్నేహితుడొకడు చేతిలో ఒక మాత్ర పెట్టి, 'ఒక్కసారికి ఏమగును?' అని అడుగుట అటువంటి ఏ పట్టణమునందైనను జరుగగల సంగతి. ఆ మాత్రలో ఏమున్నదో ఇచ్చినవానికిని తెలియదు, పుచ్చుకొనినవానికిని తెలియదు. ఆస్పత్రిలో తల్లికి నిద్రనిచ్చిన మందే ఆ మాత్రలో కొలత లేకుండ చేరియున్నయెడల, ఆ యౌవనస్థుడు నిద్రించి మరల లేవకపోవచ్చును.

తెలుగున 'మందు' అను మాట వింతయైనది. రోగము మాన్పునది మందు, మత్తెక్కించునది మందు, పగవానికి అన్నములో కలిపి పెట్టునదియు మందే. క్రొత్త నిబంధన వ్రాయబడిన గ్రీకు భాషలోని 'ఫార్మకోన్' అను మాటయు ఇట్టిదే. ఔషధమునకును విషమునకును అది చెల్లును. రెండింటికిని నడుమ నున్న భేదము కొన్నిమార్లు పదార్థములో గాక, కొలతలోను, ఇచ్చు చేతిలోను ఉండును. ఈ సత్యమును నేటి యౌవనులకు బోధించుటకు ఎలీషా దినములనాటి ఒక కుండ తగిన పాఠముగా నున్నది.

1. ఎరుగక కోసిన కాయలు

గిల్గాలులో కరువు. ప్రవక్తల శిష్యులు ఎలీషా యెదుట కూర్చుండియున్నారు. పెద్ద కుండ పొయ్యిమీద పెట్టుమని అతడు తన దాసునితో చెప్పెను. వారిలో ఒకడు ఆకుకూరల కొరకు పొలములోనికి వెళ్లి, అడవితీగె నొకదానిని చూచి, దాని కాయలను ఒడి నిండ కోసికొని వచ్చి తరిగి కుండలో వేసెను. అవి యెట్టివో వారెవరికిని తెలియదని లేఖనము ప్రత్యేకముగా తెలుపుచున్నది.

అనేకులగు వ్యాఖ్యాతలు ఆ కాయను చేదుపుచ్చగా గుర్తించిరి. చూచుటకు అది తినదగిన పుచ్చవలెనే ఉండును. ప్రాచీన వైద్యులు దానిని అతి కొద్ది మోతాదులో విరేచనౌషధముగా వాడిరి. మితిమీరినచో అది ప్రాణాపాయకరము. అనగా ఆ కుండలో పడినది ఒకవిధముగా మందే. అయితే కొలిచినవాడు లేడు, ఎరిగినవాడు లేడు.

కాయలు కోసినవాడు దుర్మార్గుడు కాడు. తినినవారు తిండిపోతులు కారు. వారు ప్రవక్తల శిష్యులు, నేటి మాటలలో చెప్పవలెనన్న వేదాంత కళాశాల విద్యార్థులు. విషము వారిని యోగ్యులా అయోగ్యులా అని విచారింపలేదు. కనుక, 'మన పిల్లలు అట్టివారు కారు' అను మాట ఏ తల్లిదండ్రులకును కోటగోడ కానేరదు.

ఫెంటానిల్‌ను 1960వ సంవత్సర ప్రాంతమున బెల్జియము దేశమందు పాల్ జాన్సెన్ అను వైద్యుడును అతని తోటి శాస్త్రజ్ఞులును కనుగొనిరి. శస్త్రచికిత్సలలో బాధ తెలియకుండ చేయుటకు అది గొప్ప వరమాయెను. అది నల్లమందు కోవకు చెందినదే గాని గసగసాల చేను అక్కరలేకయే రసాయనములతో తయారగును. మార్ఫిన్ కంటె దాదాపు 100 రెట్లు, హెరాయిన్ కంటె దాదాపు 50 రెట్లు బలమైనది. అలవాటు లేనివానికి 2 మిల్లీగ్రాములు, అనగా పెన్సిలు ముల్లుపై నిలుచునంత పొడి, ప్రాణాంతకము కాగలదు. ఇంత కొంచెములో ఇంత బలము గలదు గనుకనే దొంగ వ్యాపారులు దానిని కోరుదురు. దాచుట తేలిక, రవాణా తేలిక, లాభము అధికము. వారు దానిని హెరాయిన్‌లో కలుపుదురు. నొప్పి మాత్రల రూపమున, నిద్రమాత్రల రూపమున, పరీక్షల కాలమందు మేలుకొనుటకు కొందరు విద్యార్థులు వెదకు మాత్రల రూపమున అచ్చు పోయుదురు. రంగు, ముద్ర, ఆకారము అన్నియు అసలు మాత్రవలెనే ఉండును. చూచుటకు పుచ్చకాయ, లోపల మృత్యువు.

2. కొలత లేని కుండ

దొంగచాటున మాత్రలు చేయువానికి ఆస్పత్రి త్రాసు లేదు. ఒక బాల్చీలో పొడులు పోసి కలుపును. ఉప్మాలో ఒకరి ముద్దకు మిరపకాయ తగులును, మరియొకరికి తగులదు. అటులనే ఒకే సంచిలోని మాత్రలలో ఒకదానిలో ఫెంటానిల్ ఏమియు లేకపోవచ్చును, దాని ప్రక్కదానిలో ఇద్దరిని చంపునంత ఉండవచ్చును. నిన్న స్నేహితుడు మింగి క్షేమముగా లేచెనను సంగతి నేటి మాత్రకు సాక్ష్యము కానేరదు.

ఈ మందు ప్రాణము తీయు విధము నిశ్శబ్దమైనది. ఊపిరి తీయుమని మన శరీరమునకు ఎడతెగక ఆజ్ఞ ఇచ్చు స్థానమొకటి మెదడు అడుగు భాగమున ఉన్నది. నల్లమందు కోవకు చెందిన మందులు ఆ స్థానమును జోకొట్టును. ఊపిరి మందగించును, పిమ్మట ఆగును. కొలది నిమిషములలోనే మెదడు ప్రాణవాయువు లేక చెడిపోవును.

ఇక్కడ సంఘోపదేశకులు ఒక విషయమును గమనింపవలెను. వ్యసనమును గూర్చి మన ప్రసంగములు తరతరములుగా ఒక మెట్లదారిని వర్ణించుచు వచ్చినవి: మొదట సరదా, తరువాత అలవాటు, తరువాత దాస్యము, కడకు నాశనము. ఆ వర్ణన అబద్ధము కాదు. అయితే అది విన్న యౌవనుడు, 'నాశనము చివరి మెట్టు కదా, నేను మొదటి మెట్టుమీదనే యున్నాను, మరలివచ్చుటకు కావలసినంత కాలమున్నది' అని తలంచును. కల్తీ చేయబడిన మందునకు మెట్లు లేవు. వ్యసనపరుడు కాని వాడు, మొదటిసారి రుచి చూచినవాడు, ఆ రాత్రియే మరణింపవచ్చును. తప్పిపోయిన కుమారునికి పందుల పొలములో బుద్ధి వచ్చువరకు ఆయుష్షు ఉండెను. ఈ మాత్ర మింగినవానికి తండ్రి యింటికి మరలివచ్చు దినము మిగులకపోవచ్చును.

3. పొరుగు కుండ, మన కుండ

అమెరికాలో 2023వ సంవత్సరమున మితిమీరిన మందుల మోతాదువలన మరణించినవారు దాదాపు 1,05,000 మంది. వారిలో దాదాపు 73,000 మంది మరణములలో ఫెంటానిల్, దానివంటి కృత్రిమమైన మందులు కలిసియున్నవి. 2024లో మొత్తము మరణములు దాదాపు 80,000కు తగ్గినవి. అయినను అది ఒక పట్టణ జనాభా. వేలాది తెలుగు విద్యార్థులు చదువు నిమిత్తము ఆ దేశమునకే వెళ్లుచున్నారు గనుక ఇది మనకు దూరదేశపు వార్త కాదు.

అయితే సత్యమునకు సాక్షులుగా ఉండవలసినవారు భయపెట్టుటకై అతిశయోక్తి పలుకరాదు. అమెరికాలో జరిగినదే న్యూ టౌన్‌లోను జరుగుచున్నదని చెప్పుట అసత్యమగును. మన దేశపు వీధులలో ఫెంటానిల్ అంతగా ప్రబలినట్లు లెక్కలు చూపలేదు. కాని అది ఇక్కడ తయారుకాజాలదని అనుటయు అసత్యమే. 2018 సెప్టెంబరులో మధ్యప్రదేశ్‌లోని ఇండోర్ నగరమందు రెవిన్యూ ఇంటెలిజెన్స్ అధికారులు ఒక రహస్య ప్రయోగశాలను పట్టుకొని, దాదాపు 9 కిలోల ఫెంటానిల్‌ను స్వాధీనము చేసికొనిరి. 2 మిల్లీగ్రాముల చొప్పున లెక్కించినచో అది 45 లక్షల ప్రాణాంతక మోతాదులు.

నేల కూడ సిద్ధముగానే ఉన్నది. కేంద్ర ప్రభుత్వము ఢిల్లీలోని ఎయిమ్స్ వైద్యుల చేత చేయించి 2019లో ప్రకటించిన సర్వే ప్రకారము, 10 మొదలు 75 ఏండ్ల వయస్సు గలవారిలో దాదాపు 2.1 శాతము, అనగా 2.26 కోట్లమంది, నల్లమందు కోవకు చెందిన పదార్థములను వాడుచున్నారు. వాటిలో హెరాయిన్ మొదటి స్థానమున ఉన్నది. వీధిలో బ్రౌన్ షుగర్ పొట్లము కొనువాడు అందులో ఏమేమి కలిసినదో ఎన్నడును ఎరుగడు.

కల్తీ మత్తు అనగా ఏమో తెలుగువారికి క్రొత్తగా నేర్పనక్కరలేదు. తెలంగాణలో చెట్టునుండి దిగిన కల్లు చాలక, నీళ్లలో క్లోరల్ హైడ్రేట్, డైజెపామ్, ఆల్ప్రజోలామ్ వంటి మత్తుమందులు కలిపి కల్లు అని అమ్ముట చాలకాలముగా జరుగుచున్నది. 2015లో ప్రభుత్వము ఆ కల్తీని గట్టిగా అరికట్టగా, నిజామాబాదు మొదలగు జిల్లాలలో వందలాది మంది వణకుచు, మూర్ఛలు వచ్చి, మతి చలించినవారై ఆస్పత్రులకు చేరిరి. తాము త్రాగినది కల్లు కాదని, నిద్రమందులకు తమ శరీరము బానిసయైనదని వారిలో అనేకులకు ఆనాడే తెలిసెను. 2025 జూలైలో హైదరాబాదు కూకట్‌పల్లి ప్రాంతమున కల్తీ కల్లు త్రాగి పలువురు మరణించిరి, అనేకులు ఆస్పత్రుల పాలైరి. కూలిపని చేసి సాయంత్రము ముంత పట్టినవాడును, న్యూ టౌన్ గదిలో మాత్ర పట్టినవాడును ఒకే కుండలోనిది తినుచున్నారు. ఇద్దరికిని ఒకే సంగతి తెలియదు: లోపల ఏమున్నది?

4. తినువారి కేక

గిల్గాలు శిష్యుల ప్రాణములను కాపాడినది మొదట వారి కేక. తినుచుండగానే, కుండలో మృత్యువున్నదని వారు దైవజనునితో మొరపెట్టిరి. హెబ్రీ మూలములోని 'మావెత్' అను మాటకు సాక్షాత్తు మరణమనియే అర్థము. గురువు యెదుట సిగ్గుపడి వారు మౌనముగా ఉండలేదు. కాయలు తెచ్చినవాడు నిందపాలగునని దాచలేదు. నోరు తెరచి కేక వేసిరి.

నేడు ఆ కేక వినబడకపోవుటయే మరణమునకు సగము కారణము. 2019 జూలై మొదలు 2021 డిసెంబరు వరకు మందుల మోతాదు మించి మరణించిన 10–19 ఏండ్ల వారిని గూర్చి అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ 2022లో ఒక పరిశీలన ప్రచురించెను. ఆ మరణములలో దాదాపు 84 శాతమునందు ఫెంటానిల్ ఉండెను. దాదాపు నాల్గవ వంతు మరణములలో నకిలీ మాత్రల జాడ కనబడెను. అన్నిటికంటె దుఃఖకరమైనదేమనగా, మూడింట రెండువంతుల మరణములలో ఎవరో ఒకరు సమీపముననే ఉండిరి. అయినను సహాయము చేసినవారు తక్కువ. కొందరు వేరొక గదిలో ఉండిరి, కొందరికి మందు సంగతియే తెలియదు, కొందరు ఆపదను ఆపదగా గుర్తింపలేదు.

కావున గుర్తులు ప్రతి యింట తెలియవలెను. ఎంత పిలిచినను, తట్టినను మెలకువ రాదు. ఊపిరి బహు మెల్లగా, ఎడముగా వచ్చును, లేక ఆగును. గొంతులో గురగుర శబ్దము వినబడును. దానిని గురక అనుకొని 'నిద్రపోనిమ్ము' అనువారు కలరు. పెదవులు, గోళ్లు నీలమగును, నల్లబడును. కంటిపాప సూదిమొనవలె చిన్నదగును. ఇట్టి సమయమున నిద్రపోవనిచ్చుట మృత్యువునకు అప్పగించుటయే.

గదిలోని స్నేహితుడు ఎందుకు కేక వేయడు? పోలీసులు వత్తురని భయము, ఉద్యోగము పోవునని భయము, ఊరిలో తండ్రికి తెలియునని భయము, సంఘములో పేరు చెడునని భయము. ఈ కడపటి రెండు భయములను అతనిలో నాటినది ఎవరు? ఈ ప్రశ్నను క్రైస్తవ గృహములును సంఘములును తమ్మును తాము అడుగుకొనవలెను.

5. పిండి తెండు

ఎలీషా మొదట పలికిన మాట గద్దింపు కాదు. ఆ కాయలు కోసినదెవడని అతడు విచారణ జరుపలేదు. పిండి తెమ్మని చెప్పెను. విచారణకు వేళ తరువాత రావచ్చును. కుండలో మృత్యువున్నప్పుడు మొదట కావలసినది విరుగుడు.

ఈ విషమునకును విరుగుడున్నది. దాని పేరు నలొక్సోన్. మెదడులో ఫెంటానిల్ అంటుకొని కూర్చున్న స్థానములనుండి అది దానిని త్రోసివేసి తాను కూర్చుండును; ఆగిన ఊపిరి కొలది నిమిషములలో మరల రాగలదు. మన దేశమున వైద్యులు దానిని సూదిమందుగా వాడుదురు. అమెరికాలో ముక్కులో చిమ్ము రూపమున 2023 నుండి వైద్యుని చీటీ లేకయే కొనుటకు అనుమతి కలిగెను. దాని బలము సాధారణముగా 30 మొదలు 90 నిమిషముల వరకే ఉండును. ఆ తరువాత ఊపిరి మరల ఆగవచ్చును గనుక, లేచి కూర్చున్నవానిని కూడ ఆస్పత్రికి తప్పక కొనిపోవలెను. కల్తీ కల్లులోని ఆల్ప్రజోలామ్ వంటి నిద్రమందులపై అది పనిచేయదు.

నలొక్సోన్ చేతిలో లేని సామాన్యుడు చేయదగినది కూడ ఉన్నది. ఆలస్యము చేయక 112కు గాని, తెలుగు రాష్ట్రములలో 108కి గాని ఫోను చేయవలెను. ఏమి పుచ్చుకొనెనో తెలిసినంత నిజముగా చెప్పవలెను. ఊపిరి ఆగినయెడల, నేర్చినవారు నోటితో ఊపిరి ఊదవలెను. ఊపిరి ఉన్నయెడల ప్రక్కకు తిప్పి పరుండబెట్టవలెను. వాంతి గొంతులో అడ్డుపడదు. ఒంటరిగా విడిచిపోరాదు. చన్నీళ్లు కుమ్మరించుట, నోటిలో మజ్జిగ పోయుట ప్రమాదకరము.

బ్రదికినవానికి చికిత్స కావలెను. చట్టము కూడ ఇందుకు తలుపు తెరచియున్నది. 1985 నాటి మాదక ద్రవ్యముల చట్టములోని 64ఏ సెక్షను ప్రకారము, మందు సేవించిన నేరము లేక కొద్ది మోతాదు కలిగియున్న నేరము మోపబడిన వ్యసనపరుడు తానై ముందుకు వచ్చి, గుర్తింపు పొందిన సంస్థలో చికిత్స పొందినయెడల అతనికి విచారణనుండి మినహాయింపు కలదు. చికిత్సను మధ్యలో విడిచిపెట్టినచో ఆ మినహాయింపు తీసివేయబడవచ్చును. వ్యసన విముక్తికి సలహా కోరువారి కొరకు కేంద్ర ప్రభుత్వపు 14446 అను ఫోను నంబరు ఉన్నది.

ప్రార్థన చేయించి, గదిలో ఉంచి, మందు ఒక్కసారిగా మాన్పించిన చాలునని తలంచు కుటుంబములకు ఒక హెచ్చరిక అవసరము. ఆల్ప్రజోలామ్ వంటి మందు హఠాత్తుగా మానినవానికి మూర్ఛలు వచ్చి ప్రాణాపాయము కలుగవచ్చును. హెరాయిన్ కొన్ని వారములు మానినవాని శరీరము పూర్వపు సహనశక్తిని కోల్పోవును. తరువాత జారిపడి పాత మోతాదే పుచ్చుకొనినచో అది అతనిని చంపగలదు. వైద్యుడు ప్రార్థనకు శత్రువు కాడు. ఎలీషా కూడ వట్టి చేతులతో నిలువక పిండి తెప్పించెను.

6. వడ్డింపుడు

పిండి వేసిన తరువాత ఎలీషా కుండను పారబోయలేదు. జనులకు వడ్డించుమని ఆజ్ఞాపించెను. కరువు ఇంకను ఉన్నది. శిష్యుల ఆకలి ఇంకను ఉన్నది. అడవికాయలు తినవద్దని చెప్పి ఊరకుండుట ఆకలిగొన్నవానికి అన్నము కాదు. ఆ అధ్యాయము ముగియకముందే యవల రొట్టెలు ఇరువది నూరుమందికి చాలిన వృత్తాంతము వచ్చుట గమనింపదగినది.

న్యూ టౌన్ గదిలోని యౌవనస్థుని ఆకలి ఏమి? తనను పేరుపెట్టి పిలుచువారు లేకపోవుట. ఓడిపోయితినని చెప్పుకొనుటకు చోటు లేకపోవుట. ఇంటికి చేయు ప్రతి ఫోనులోను 'బాగున్నాను' అని మాత్రమే చెప్పవలసియుండుట. అతనికి తెలుగు మాట వినబడు ఒక ఆదివారపు భోజనము, ఎంత రాత్రియైనను ఫోను ఎత్తు ఒక పెద్దన్న, 'ఏమి జరిగినను మొదట నాకు చెప్పుము, కోపపడుట తరువాత చూచుకొందము' అని మాట ఇచ్చిన ఒక తండ్రి కావలెను. ఆ మాట పిల్లవాడు ఊరు విడుచు దినముననే, పెట్టె సర్దుచుండగానే చెప్పవలసినది.

గిల్గాలు శిష్యులు కేక వేయగలిగిరి. ఎందుకనగా ఆలకించువాడు ఆ యింట ఉన్నాడని వారెరుగుదురు. నేటి యౌవనస్థుడు కేక వేయునో వేయడో అతని ధైర్యముమీద మాత్రమే ఆధారపడియుండదు. అతని కేకకు ఏమి సమాధానము వచ్చునని మన గృహములు, మన సంఘములు ఇదివరకే అతనికి నేర్పినవో, దానిమీద ఆధారపడియున్నది.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. వారెరుగరు అని లేఖనము ప్రత్యేకముగా తెలుపుటవలన తినినవారి విషయమై మన తీర్పు ఎట్లు మారుచున్నది?

2. వ్యసనమును మెట్లదారిగా మాత్రమే బోధించుటలో గల లోపమేమి? మీ యౌవనుల కూటములో దానిని ఎట్లు సరిదిద్దవచ్చును?

3. మీ సంఘములోని ఒక యౌవనుడు అర్ధరాత్రి సహాయము కోరవలెనన్న ఎవరిని పిలుచును? అతనికి ఆ సంగతి తెలియునా?

4. చదువు, ఉద్యోగముల నిమిత్తము దూర పట్టణములకు వెళ్లిన మీ సంఘపు బిడ్డల పేర్లు వ్రాయుడు. ఈ నెలలో వారిలో ఎందరితో ఎవరు మాట్లాడిరి?